వార్ధక్యంలో వైద్యవ్యయం ఎవరి బాధ్యత?

ఉద్యోగం విరమించిన మనిషికి ఆదాయం తగ్గుతుంది, వైద్యునికి ఇచ్చే ధనం పెరుగుతుంది. ఈ లోటును ఎవరు పూడ్చాలి? తాను కూడబెట్టుకొన్న సొమ్మా, కన్నబిడ్డలా, ఇన్నేళ్లు పని చేయించుకొన్న యజమానా, ప్రభుత్వమా, లేక ముక్కూ మొగమూ తెలియని వేలాదిమంది ఇతర చందాదారులా? ఆరోగ్య బీమాను గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఏది చౌక, ఏది లాభం అనే లెక్కతో ఆరంభించి ఆ లెక్కతోనే ముగిస్తాము. ముప్పై యేళ్లకు పైగా గణితం బోధించిన దానిని కనుక లెక్కను తక్కువ చేయను. కాని ఈ లెక్క వేయడానికి కూర్చొన్న ప్రతిసారీ దాని అడుగున ఒక ధర్మప్రశ్న కనిపిస్తూ వచ్చింది. దానిని గురించే ఈ వ్యాసం.

మన పత్రిక చదివే పిల్లల కోసం ముందుగా ఒక మాట. 'బీమా' సంస్కృతపదం కాదు, పారసీ నుండి ఉర్దూ మీదుగా మన భాషకు వచ్చింది. కొందరు 'భీమా' అని ఒత్తు పెట్టి వ్రాస్తారు. భీమసేనునికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పారసీ భాషలో 'బీమ్' అంటే భయం. భయం నుండి పుట్టిన మాటకు తెలుగులో 'ధీమా' అనే మాటతో ప్రాస కుదరడం ప్రకటనలు వ్రాసేవారి అదృష్టం. ఇక 'అనుబంధ బీమా' అంటే ఇదివరకే ఉన్న రక్షణకు తోడుగా, అది చాలని చోట ఆదుకోవడానికి తీసుకొనే రెండవ బీమా.

మన పూర్వికుల ఒప్పందాలలోనే ఈ ప్రశ్న తొలిసారి ఎదురవుతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి వచ్చిన 'ట్రూరో' అనే ఓడ నేటాల్ రేవు చేరింది. అప్పటి నుండి 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ నేలపై దిగారు. వారిలో గంజాం, విశాఖపట్టణం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వేలమంది ఉన్నారు. మా ముత్తాత విశాఖపట్టణం జిల్లా వాడు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి యేడు నెలకు 10 షిల్లింగుల జీతం, తిండి, నివాసం, జబ్బు చేస్తే మందు. ఆ మందు సరిగా అందిందా లేదా అనేది వేరే కథ, చెరకు తోటల చరిత్ర చదివినవారికి అది తెలుసు. నా దృష్టి ఆ వాగ్దానపు గడువు మీద. దేహం పనికి వచ్చినంత కాలం దానిని కాపాడే బాధ్యత యజమానిది, ఒప్పందం ముగిసిన మరునాడు ఆ దేహం ఎవరిదీ కాదు.

అంతటితో ఆగలేదు. 1895లో నేటాల్ ప్రభుత్వం 17వ చట్టం చేసింది. ఒప్పందం ముగిసిన తరువాత మళ్లీ కూలికి ఒప్పుకోకుండా, స్వదేశానికి తిరిగి వెళ్లకుండా ఆ దేశంలోనే ఉండదలచుకొన్న వాడు ఏటా 3 పౌన్లు పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, అనగా మొదటి యేటి జీతంతో లెక్కిస్తే ఆరు నెలల సంపాదన. 1903లో పదహారేళ్లు నిండిన మగపిల్లలకూ, పదమూడేళ్లు నిండిన ఆడపిల్లలకూ దానిని విస్తరించారు. 1913 నాటి మహా సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను పోలేదు. ఒప్పందం తీరి, పన్ను కట్టి, ముసలివారై, బంధువులు లేక వీధిన పడిన కూలీలకు ఎవరు దిక్కు? డర్బన్‌లో 1921లో ఆర్యన్ బెనెవొలెంట్ హోమ్ వెలసింది. అటువంటి నిరాశ్రయ వృద్ధుల కోసమే సమాజం చందాలు వేసుకొని దానిని నిలబెట్టింది. బీమా అనే పేరు లేకపోయినా, దాని వెనుక ఉన్న ఆలోచన బీమాదే. ఈ యేడు నేను ఇస్తాను, ఎవరికి అవసరమో వారు వాడుకొంటారు, రేపు నాకే అవసరం రావచ్చు.

మా ముత్తాత అక్కడికి చేరలేదు. ఆయన వృద్ధాప్యాన్ని కొడుకులు మోశారు.

నా ఉద్యోగజీవితపు చివరి తొమ్మిదేళ్లు కువైట్‌లో గడిచాయి. దక్షిణాఫ్రికా ఉపాధ్యాయులు గల్ఫ్ దేశాలకు వెళ్లడం ఇప్పుడు వింత కాదు. మా పాఠశాల బస్సులను మరమ్మతుకు సబ్హాన్‌కు పంపేవారు. కువైట్ విమానాశ్రయానికి సమీపాన ఉన్న ఆ పారిశ్రామిక ప్రాంతంలో పాలు, పానీయాల కర్మాగారాలు, గిడ్డంగులు, ముద్రణాలయాలు, గ్యారేజీలు వరుసగా ఉంటాయి. చెట్టు నీడ తక్కువ, ఇనుము ఎక్కువ. ఒక గ్యారేజీలో రాజంపేట దగ్గరి పల్లె నుండి వచ్చిన మెకానిక్ ఒకాయన పనిచేసేవారు. నేను సాయంత్రపు తరగతులలో నేర్చుకొన్న తెలుగుతో పలకరించినప్పుడు ఆయన నవ్వి, "మీ తెలుగు బడిపుస్తకం మాదిరిగుంది టీచరమ్మా, అయినా బాగుండాది" అన్నారు. ఆయనను నేను అన్నా అని పిలిచేదానిని. కడప, అన్నమయ్య జిల్లాల నుండీ గోదావరి జిల్లాల నుండీ కువైట్‌కు వచ్చిన తెలుగువారు ఎందరో. వారిలో చాలామందిలాగే ఆయన కూడా భార్యను ఊళ్లో ఉంచి ఇరవై యేళ్లు దాటించారు.

కువైట్‌లో విదేశీయుల ఆరోగ్య బీమాకు 1999లో 1వ చట్టం చేశారు. నివాసపు అనుమతి, అంటే మనవాళ్లు 'అకామా' అనేది, కావాలన్నా కొనసాగాలన్నా బీమా రుసుము కట్టాలి. చాలా ఏళ్లపాటు అది ఏటా 50 దినార్లు. 2025 చివరలో 100 దినార్లయింది. దానితో ప్రభుత్వ క్లినిక్కులు, ఆసుపత్రులు అందుబాటులో ఉంటాయి. 2022 డిసెంబరు నుండి విదేశీయులు మందుల కోసం క్లినిక్కులో 5 దినార్లు, ఆసుపత్రి అవుట్‌పేషెంటు విభాగంలో 10 దినార్లు అదనంగా కట్టవలసి వచ్చింది. ఇవి భరించలేని మొత్తాలని నేను అనను. గమనించవలసినది వేరొకటి ఉంది. ఈ రక్షణ అకామాకు కట్టివేయబడింది. అకామా పోయిన నాడు బీమా కూడా పోతుంది. మనిషికి వైద్యం ఎక్కువగా అవసరమయ్యే వయస్సులోనే అకామా పోతుంది.

2020 ఆగస్టులో అక్కడి మానవవనరుల సంస్థ ఒక నిర్ణయం ప్రకటించింది. అరవై యేళ్లు నిండి, విశ్వవిద్యాలయ పట్టా లేని విదేశీయులకు పని అనుమతిని పునరుద్ధరించరాదు. 2021 జనవరి నుండి అది అమలులోకి వచ్చింది. విమర్శలు వచ్చిన మీదట 2022 ఆరంభంలో దానిని సడలించి, 250 దినార్ల రుసుము, దానికి తోడు సుమారు 500 దినార్ల ప్రైవేటు ఆరోగ్య బీమా ఉంటే పునరుద్ధరిస్తామన్నారు. 150 దినార్ల నెలజీతం గల వ్యక్తికి ఆ 750 దినార్లు ఐదు నెలల సంపాదన. మెకానిక్ అన్న గదిలోనే ఉండే రాయచోటి పెద్దాయన ఆ లెక్క చూసుకొని ఊరికి వెళ్లిపోయారు.

ఆరు నెలల జీతంతో సమానమైన 3 పౌన్ల పన్ను, ఐదు నెలల జీతంతో సమానమైన ఈ రుసుము. ఒప్పందపు కూలీ సంతతి వారికి ఈ పోలిక తట్టకుండా ఉండదు. అయినా రెండింటినీ ఒకటే అనడం న్యాయం కాదు. నేటాల్ పన్ను మనిషిని మళ్లీ దాస్యంలోకి నెట్టడానికి పుట్టింది, కట్టినవాడికి ప్రతిఫలంగా ఏమీ దక్కలేదు. కువైట్‌లో కట్టిన సొమ్ములో అధికభాగం వైద్యరక్షణగా తిరిగి వస్తుంది. అరవై దాటిన దేహానికి వైద్యం ఖరీదైనదనే వాదనలో అసత్యం లేదు. నా అభ్యంతరం పట్టాను గురించి. పట్టా ఉన్నవాడి గుండె, పట్టా లేనివాడి గుండె ఒకే విధంగా ముసలివవుతాయి. వైద్యవ్యయమే కారణమైతే చదువుతో పని ఏమి?

ఇందులో మరొక అంశం ఉంది. తన పౌరులలో పదవీవిరమణ చేసినవారి కోసం కువైట్ ప్రభుత్వం 2014లో 114వ చట్టం చేసి, 2016లో 'అఫ్యా' అనే పేరుతో ప్రైవేటు ఆరోగ్య బీమాను ఆరంభించింది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచిత వైద్యం వారికి అప్పటికే ఉంది. దానికి అనుబంధంగా ప్రభుత్వమే ప్రీమియం కట్టి రెండవ రక్షణ కల్పించింది. వృద్ధునికి మొదటి రక్షణ ఒక్కటే చాలదని ఆ ప్రభుత్వమే గ్రహించిందన్నమాట. ఒక దేశం తన పౌరులను ముందు చూసుకోవడాన్ని నేను తప్పుపట్టను. కాని ఆ దేశంలో ఇరవై యేళ్లు బస్సులు బాగుచేసినవాని వృద్ధాప్యం ఎవరి పద్దులో ఉంది? కార్మిక చట్టం ప్రకారం అతనికి సేవాంతపు గ్రాట్యుటీ వస్తుంది. మొదటి ఐదేళ్లకు ఏటా 15 రోజుల వేతనం, ఆ తరువాత ఏటా ఒక నెల వేతనం, మొత్తం ఏడాదిన్నర వేతనానికి మించదు. 150 దినార్ల జీతానికి అది 2,700 దినార్లు దాటదు, మన రూపాయలలో ఏడెనిమిది లక్షలు. దానితో అప్పు తీరాలి, ఇంటి పైకప్పు పూర్తి కావాలి, చిన్నకూతురి పెళ్లి జరగాలి. ఒక్కసారి గుండెకు కత్తి పెట్టించుకొంటే అందులో ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

భారత ప్రభుత్వం గల్ఫ్ కార్మికుల కోసం నడిపే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది కదా అని కొందరు అంటారు. 2003లో వచ్చిన ఆ పథకం మంచిదే. కాని అది రెండు మూడేళ్ల గడువుతో, ప్రధానంగా ప్రమాదమరణానికీ వైకల్యానికీ వర్తించేది. ఊరికి చేరిన ముసలివానికి అది ఆసరా కాదు. డెబ్బై నిండిన ప్రతి భారతీయ పౌరునికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యరక్షణను 2024 అక్టోబరు నుండి ఆయుష్మాన్ భారత్ కింద ఇస్తున్నారు. అరవై యేళ్లకు గల్ఫ్ వదిలినవానికి దానిని చేరడానికి పదేళ్లు ఆగాలి. ఆంధ్రదేశంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవారికి గొప్ప ఆధారం. కాని గల్ఫ్ సొమ్ముతో ఇల్లు కట్టినవాడు పేదల జాబితాలో ఉంటాడో లేదో అతనికే సందేహం. అతనికి ఉన్న చిక్కు ఆ పదేళ్లదే.

ఇక్కడ లెక్కలోకి దిగక తప్పదు. మొదటి విషయం, కాలం. ముందే ఉన్న జబ్బులకు, అంటే షుగరు, రక్తపోటు వంటివాటికి, భారతదేశపు పాలసీలలో నిరీక్షణ కాలం ఉంటుంది. 2024 ఏప్రిల్ నుండి అది మూడేళ్లకు మించరాదని నియంత్రణ సంస్థ నియమం చేసింది, అంతకు ముందు నాలుగేళ్లు. అరవైయవ యేట విమానం దిగి పాలసీ కొన్నవానికి షుగరు వల్ల వచ్చే చిక్కులకు అరవైమూడు వరకు రక్షణ ఉండదు. అదే మనిషి సబ్హాన్‌లో జీతం తీసుకొంటూనే యాభై ఏడవ యేట ఊళ్లో పాలసీ మొదలుపెట్టి ఉంటే విమానం దిగిన నాటికి నిరీక్షణ ముగిసి ఉంటుంది. విదేశంలో ఉన్న భారతీయ పౌరుడు స్వదేశపు పాలసీ కొనుక్కోవడానికి ఆటంకం లేదు. అప్పటికి అతనికి అక్కడి బీమా ఉంటుంది కనుక ఈ ప్రీమియం వృథా అనిపిస్తుంది. వృథా అనిపించే ఆ మూడేళ్లే అతడు నిజంగా కొంటున్నది.

రెండవది, అనుబంధ పాలసీ స్వరూపం. పెద్ద మొత్తానికి ఒకే పాలసీ కొనడం ఖరీదు. అందువల్ల 5 లక్షల మూల పాలసీ ఒకటి, ఆ 5 లక్షలు దాటిన ఖర్చును భరించే అనుబంధ పాలసీ ఒకటి తీసుకోవడం తెలివైన పద్ధతి. ఈ అనుబంధాలలో టాప్-అప్ అనీ, సూపర్ టాప్-అప్ అనీ రెండు రకాలు. పేర్లు దగ్గరగా ఉన్నా ఫలం వేరు. ఒక యేడాదిలో మనిషి రెండుసార్లు ఆసుపత్రిలో చేరాడనుకొందాం. మొదటిసారి 3 లక్షలు, రెండవసారి 4 లక్షలు. మూల పాలసీ 5 లక్షలు ఇస్తుంది, ఇంకా 2 లక్షలు మిగులుతాయి. టాప్-అప్ ఒక్కొక్క చేరికను విడిగా చూస్తుంది. ఏ ఒక్కటీ 5 లక్షలు దాటలేదు కనుక ఏమీ ఇవ్వదు. సూపర్ టాప్-అప్ యేడాది మొత్తాన్ని కలిపి 7 లక్షలుగా చూస్తుంది కనుక ఆ 2 లక్షలు ఇస్తుంది. వృద్ధుల జబ్బులు సాధారణంగా ఒక్క పెద్ద దెబ్బగా రావు, విడతలు విడతలుగా వస్తాయి. అందువల్ల వారికి రెండవ రకమే తగినది. ఈ ఒక్క ఉదాహరణను నేను పలకమీద వేసి చూపించిన తరువాత మెకానిక్ అన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకు ఫోనులో చూపించిన ఏజెంటు రెండింటి ధరలే చెప్పాడట.

గది అద్దె పరిమితి చూడాలి. రోజుకు 5,000 రూపాయల గదికి అర్హత ఉండి 10,000 రూపాయల గదిలో చేరితే, అద్దె తేడా ఒక్కటే కట్టి బయటపడలేము. చాలా పాలసీలలో వైద్యుల రుసుము, శస్త్రచికిత్స గది వంటి ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో సగానికి తగ్గిస్తారు. వృద్ధుల పాలసీలలో ప్రతి బిల్లులో కొంత శాతం మనమే కట్టాలనే షరతు తరచుగా ఉంటుంది. ఇక రోజూ మింగే మాత్రలు, నెలనెలా రక్తపరీక్షలు, కళ్లజోళ్లు, పళ్లు వంటివి సాధారణ ఆసుపత్రి పాలసీలలో ఉండవు. వాటికి వేరే సొమ్ము అట్టిపెట్టుకోవాలి. అరుదుగా వచ్చి ఇంటిని కూల్చే ఖర్చును నలుగురితో పంచుకోవాలి, తరచుగా వచ్చే చిన్న ఖర్చును తానే మోయాలి. పాలసీ ఎంపిక అంతా ఆ విభజనలోనే ఉంది. చిన్న ఖర్చులన్నీ కూడా ఇస్తామనే పాలసీ కోసం ఎక్కువ ప్రీమియం కట్టడం, నా అభిప్రాయంలో, మన డబ్బును మనమే కమీషను ఇచ్చి తిరిగి తీసుకోవడం.

ఇంతవరకు గణితం. అసలు ధర్మసంకటం పాలసీ కోసం నింపే పత్రంలో వచ్చింది. 2024లో మెకానిక్ అన్నకు యాభై ఎనిమిదేళ్లు. షుగరు ఆరేళ్లుగా ఉంది. పత్రంలో షుగరు మాట వ్రాయవద్దని ఏజెంటు సలహా ఇచ్చాడు. ఆయన నన్ను అడిగారు: "రాస్తే ఎక్కువ కట్టమంటారంట, రాయకుంటే అడిగేవాడే లేడంట. మీరు సదువు చెప్పినోళ్లు టీచరమ్మా, ఏది న్యాయమో చెప్పండి."

తేలికైన సమాధానం ఒకటి ఉంది. దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారు కనుక వ్రాయమని చెప్పవచ్చు. అది నిజం. ఐదేళ్లు ఎడతెగకుండా ప్రీమియం కట్టిన తరువాత కంపెనీ పాత విషయాలను తవ్వరాదనే నియమం ఉన్నా, మోసం రుజువైతే ఆ నియమం కాపాడదు. కాని ఇది భయంతో చెప్పే సత్యం. పట్టుబడకపోతే దాచవచ్చునా అనే ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

దాచేవాని వాదం కూడా వినదగినదే. కంపెనీ పెద్దది, నేను చిన్నవాణ్ణి. దాని దగ్గర న్యాయవాదులు ఉన్నారు, నా దగ్గర నాలుగు వేళ్ల గ్రీజు ఉంది. ఏనుగు మీద నుండి ఒక అరటిపండు జారితే పాపమా? ఈ వాదంలో లోపం కంపెనీని సొమ్ముకు యజమానిగా అనుకోవడంలో ఉంది. క్లెయిములు చెల్లించే సొమ్ము చందాదారులది. వారిలో రాయచోటి మేస్త్రీ ఉన్నాడు, నర్సీపట్నం ఉపాధ్యాయిని ఉంది. షుగరు దాచి తక్కువ కట్టినవాని వాటాను వచ్చే యేడు వారు కడతారు, ఎందుకు పెరిగిందో తెలియకుండానే. పల్లెలో చెరువు పూడిక తీసేటప్పుడు ఇంటికి ఒక మనిషిని పంపుతారు. తన పొలం ఎక్కువైనా తక్కువని చెప్పి కుర్రవాణ్ణి పంపినవాడు చెరువును మోసగించడు, పక్కింటివాణ్ణి మోసగిస్తాడు.

అయితే ఈ సత్యధర్మం ఒకవైపే నడవదు. ఆ పత్రం ఆంగ్లంలో ఉంది. మెకానిక్ అన్న ఏడవ తరగతి వరకు తెలుగులో చదువుకొన్నవారు. పత్రం చివర, 'ఇందులోని విషయాలను ప్రతిపాదకునికి అతని భాషలో వివరించాను' అని వేరొకరు సంతకం చేసే గడి ఉంటుంది. ఏజెంటు అక్కడ ముందే సంతకం చేసి పంపాడు. తెలియని భాషలో ప్రశ్న ఇచ్చి, జవాబు తప్పినందుకు పిల్లవానికి సున్నా వేసే ఉపాధ్యాయురాలిని మనం ఏమంటాము? సత్యం చెప్పవలసిన బాధ్యత ఎవరి మీద పెడతారో వారికి ప్రశ్న అర్థం కావాలి. అర్థం చేయించకుండా సంతకం తీసుకొన్నవాని తప్పు, దాచినవాని తప్పుకన్నా నా లెక్కలో పెద్దది. ఎందుకంటే వాడికి తెలిసి చేశాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ పత్రాన్ని మేమిద్దరం మొదటి నుండి చివరి వరకు చదివాము. నా ఆంగ్లం, ఆయన తెలుగు కలిసి పని నడిపాయి. 'ప్రీ-ఎగ్జిస్టింగ్' అనే మాటకు నేను తరగతిలో నేర్చిన 'పూర్వస్థితమైన' అనే పదం వాడితే ఆయన "ముందునించీ ఉండేదా?" అని సరిచేశారు. షుగరు వ్రాశారు. పదేళ్ల క్రితం మూత్రపిండంలో రాయి వచ్చిన సంగతి కూడా వ్రాశారు, అది నేను అడగలేదు. ప్రీమియం పెరిగింది, పాలసీ వచ్చింది. పాలసీ కాగితాలు అందిన తరువాత చదివి చూసి, ఇష్టం లేకపోతే తిరిగి ఇచ్చివేయడానికి 30 రోజుల గడువు ఉంటుంది. మన కుటుంబాలలో ఆంగ్లం చదవగల పిల్లలు ఆ 30 రోజులలో ఒక సాయంత్రం తాతముత్తాతలకు దానిని తెలుగులో చెప్పగలరు. నేర్చుకొన్న భాషకు అంతకన్న మంచి పరీక్ష నాకు తెలియదు.

కొడుకులు ఉండగా బీమా ఎందుకు అనే మాట మన ఇండ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. పితృఋణం తీర్చుకోవలసిన కొడుకు ఉండగా కంపెనీకి డబ్బు కట్టడం ఆ కొడుకును అవమానించడం అని కొందరు పెద్దల భావం. నేను దీనిని కొట్టిపారేయను. మా ముత్తాతకు బీమా లేదు, కొడుకులు ఉన్నారు, ఆయన దిక్కులేక పోలేదు. కాని ఆ కొడుకులలో పెద్దవాడు, మా తాతయ్య, పదకొండేళ్లకే బడి మాని మిల్లులో చేరాడు. తండ్రి మందుల ఖర్చు అతని చదువు నుండి వచ్చింది. ఋణం తీర్చడం వేరు, అప్పటికప్పుడు ఇల్లు తాకట్టు పెట్టి తీర్చవలసి రావడం వేరు. బీమా బిల్లు కడుతుంది, మంచం పక్కన కూర్చోదు. కూర్చొనే పని కొడుకుకూ కూతురుకూ మిగిలే ఉంటుంది. బిల్లు గురించి బేరమాడే పని తప్పితే వారు కూర్చోవడానికి కొంత తీరిక దొరుకుతుంది.

నేను డర్బన్‌కు తిరిగి వచ్చిన తరువాత ఇదే ప్రశ్న నాకు మరొక రూపంలో ఎదురైంది. మన దక్షిణాఫ్రికాలో మెడికల్ ఎయిడ్ సంస్థలు 1998 నాటి చట్టం ప్రకారం నడుస్తాయి. ఒకే పథకంలో ఉన్న ఇరవై ఐదేళ్లవాడు, డెబ్బై యేళ్ల ముసలమ్మ ఒకే చందా కడతారు. వయస్సును బట్టి, జబ్బును బట్టి ధర పెంచరాదు. భారతదేశపు ప్రైవేటు పాలసీలలో ప్రీమియం వయస్సుతో పెరుగుతుంది. ఈ రెండింటిలో ధర్మానికి దగ్గరైనది మొదటిదే అని నా నిశ్చితాభిప్రాయం, ముసలిదానిని కనుక అలా అంటున్నానని నా మేనల్లుడు ఎగతాళి చేసినా సరే. ఎందుకంటే ఇరవై ఐదేళ్లవాడు మరొక మనిషికి కట్టడం లేదు, నలభై ఐదేళ్ల తరువాతి తనకు కడుతున్నాడు, మధ్యలో ఆ సొమ్ము మా వంటివారి చేతులగుండా వెళుతుంది.

అయితే యువకులు చేరకుండా కూర్చొని జబ్బు చేసిన నాడు పరుగెత్తుకొని వస్తే ఆ ఏర్పాటు నిలవదు. అందుకే ముప్పై ఐదేళ్లు దాటిన తరువాత కొత్తగా చేరేవారికి, బయట గడిపిన ఏళ్లను బట్టి, చందాపై 5 శాతం నుండి 75 శాతం వరకు అదనం విధిస్తారు. నేను కువైట్‌లో ఉన్న తొమ్మిదేళ్లూ ఇక్కడి సభ్యత్వాన్ని వదలలేదు. తోటి ఉపాధ్యాయులు దానిని చాదస్తమన్నారు. ఆ అదనపు శాతాన్ని నేను న్యాయమనే అంటాను. కాని ఒక మినహాయింపుతో. చేరగలిగి చేరనివాడు వేరు, పాత పాలనలో చెరకు తోట జీతంతో ఎన్నడూ చేరలేకపోయిన ఇల్లాలు వేరు. చట్టం ఇద్దరినీ ఏళ్లతోనే కొలుస్తుంది.

ఇక్కడి అనుబంధ బీమాను 'గ్యాప్ కవర్' అంటారు. ఒక శస్త్రచికిత్సకు మెడికల్ ఎయిడ్ తన పట్టిక ప్రకారం 100 ఇస్తుందనుకొందాం. వైద్యుడు 250 అడుగుతాడు. మిగిలిన 150 రోగి చేతి నుండి పోకుండా కాపాడేది గ్యాప్ కవర్. మెడికల్ ఎయిడ్ అసలే ఒప్పుకోని చికిత్సకు ఇది సాధారణంగా పనికిరాదు. దీనికి వార్షిక పరిమితి కూడా ఉంటుంది. పెన్షనుతో బ్రతికేవారు చందా తగ్గించుకోవడానికి ఖరీదైన పథకం నుండి సాధారణ ఆసుపత్రి పథకానికి దిగి, ఆ మిగులులో కొంతతో గ్యాప్ కవర్ తీసుకోవడం పరిశీలించదగిన మార్గం. దిగే ముందు తమ నిత్య మందులు ఆ క్రింది పథకంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మెకానిక్ అన్న పాలసీలో షుగరు నిరీక్షణ 2027లో ముగుస్తుంది. ఆయనకు అరవై 2026లోనే నిండుతాయి. ఆ ఒక్క యేడు ఎలా గడపాలా అని ఆయన ఆలోచన. భార్యకు యాభై రెండేళ్లు, ఏ జబ్బూ లేదు. ఇద్దరినీ ఒకే కుటుంబ పాలసీలో చేర్చితే ప్రీమియం పెద్దవారి వయస్సును బట్టి లెక్కిస్తారు కనుక, ఆమె పేరున వేరే పాలసీ తీసుకొన్నారు. "నాకెందుకు, నేనెప్పుడన్నా ఆసుపత్రికి పోయినానా" అని ఆమె ఫోనులో చాలాసేపు వాదించింది. పత్రంలో వృత్తి అనే గడి ఉంది. దానిలో ఏజెంటు 'గృహిణి' అని వ్రాసి, వార్షికాదాయం గడిలో సున్నా వేశాడు. ఆమె ఇరవై యేళ్లకు పైగా రెండెకరాల పొలం, అత్తమామల వృద్ధాప్యం, ముగ్గురు పిల్లల చదువు ఒంటరిగా నడిపింది. ఆ సున్నాను ఏమి చేయాలో మాకు తోచలేదు. పత్రం అలాగే పంపించారు.